కథలో కాలం తప్పితే తప్పేనా? అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఉంటూ చారిత్రక కథలు రాస్తాను, కొత్తగా రాసేవాళ్ల కథలు దిద్దిపెడతాను. ఒక కాలం కథలోకి మరో కాలం వస్తువో, మాటో, ఆలోచనో వచ్చి పడటాన్ని కాలవ్యత్యయం అంటాం. దాని మీద నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: కాలానికి కుదరనిది కనిపిస్తే రచయితకు తెలియక రాశాడనే అర్థం.

కొన్నేళ్ల కింద ధర్మవరం వైపు ఒక పల్లెలో తోలుబొమ్మలాట చూశాను. అరణ్యవాసం ఘట్టం. తెర మీద సీతమ్మ బొమ్మ దాహంతో వాలిపోయింది. రాముడు నీళ్ల కోసం అటూ ఇటూ చూస్తుంటే, ఆటలో నవ్వించే బొమ్మ కేతిగాడు పక్కనుంచి ఊడిపడ్డాడు. "ఈడ నీళ్లు యాడియి సామీ? ఎనిమిది నూర్లడుగులు బోరేపిస్తే దుమ్మే లేసింది!" తెర వెనక చెక్క మీద కాలితో ధన్‌మని ఒక్క తాపు. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని తెరకేసి అలాగే చూస్తుండిపోయాడు. బోర్లకు అప్పు చేయని ఇల్లు ఆ చుట్టుపక్కల తక్కువ.

త్రేతాయుగంలో బోరు బండి లేదని బొమ్మలాడించేవాళ్లకు తెలియదా? వాళ్లకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. ఇద్దరికీ తెలుసు కాబట్టే ఆ మాట పేలింది. సీతమ్మ దాహం ఆ ఊరి దాహమైపోయింది. అదే బోరు సంగతి, రచయితకు తెలియకుండా, ఏ వర్ణనలోనో దొర్లి ఉంటే తప్పే. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చేది నవ్వించడానికే అని కొందరు తీసిపారేస్తారు. ఆ రాత్రి నేను చూసింది వేరు.

అపోహ: ఇలా కావాలని కాలం తప్పించడం బయటి దేశాల నుంచి తెచ్చుకున్న టెక్నిక్.

సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో దేశవిరోధం, కాలవిరోధం వంటివాటిని దోషాల్లో చేర్చాడు. ఆయన చెప్పిన కాలం రాత్రీ పగలూ, ఋతువులూ అనుకోండి. రాత్రిపూట తామర విచ్చుకుందని రాయడం లాంటిది. మనం మాట్లాడుతున్న కాలం యుగాలది, శతాబ్దాలది. కానీ ఆ వెంటనే ఆయనే అన్న మాట మనకూ పనికొస్తుంది: కవికి నేర్పు ఉంటే ఈ విరోధాలన్నీ ఒక్కోసారి దోషాల లెక్క దాటి గుణాల్లోకి చేరతాయి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చూడండి. అక్కడ పార్వతీ కల్యాణంలో ఉన్న ఆడవాళ్లవి 16వ శతాబ్దపు విజయనగర కాలం చీరలు, నగలు. చిత్రకారుడు దేవుడి పెళ్లిని తన ఊరి పెళ్లిలా వేశాడు. నాకు మాత్రం అది తప్పుగా ఎప్పుడూ కనిపించలేదు.

అపోహ: "కావాలనే పెట్టాను" అంటే చాలు.

చాలదు. నా మొదటి చారిత్రక కథలో పెనుకొండ కోట సిపాయి ఒకడు సంగటిలోకి చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి నంజుకుంటాడు. కాలం కృష్ణదేవరాయలది, అంటే 1509-1529. చెనిక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. రాయలవారి నాటికి మన చేలల్లో దాని ఊసే లేదు. ఇవాళ అనంతపురం అంటేనే చెనిక్కాయ కాబట్టి, అది ఎప్పటినుంచో ఇక్కడే ఉందనుకున్నాను. ఒక పాఠకుడు ఉత్తరం రాసి అడిగితే, ప్రతీక అని సమర్థించుకోవాలనిపించింది. కానీ ఊరిబిండి తీసేసి నువ్వుల పొడి పెట్టి చదువుకుంటే కథలో వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. అప్పుడర్థమైంది. కేతిగాడి నోటి నుంచి బోరు తీసేస్తే ఆ ఘట్టమే చప్పబడిపోతుంది. మీరు రాసినదాన్నీ ఇలాగే తీసి చూడండి.

అపోహ: వస్తువులు చూసుకుంటే సరిపోతుంది.

మాటలూ చూసుకోవాలి. కోట కాపలావాడు "ఐదు నిమిషాల్లో వస్తా" అంటే చెవికి గుచ్చుకుంటుంది. ఘడియ అనే మాట మనకు ఉండనే ఉంది, 24 నిమిషాలు.

అపోహ: నమ్మబుద్ధి కాకపోతే అది కాలవ్యత్యయమే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే. 15వ శతాబ్దం కడప సీమలో ఒక ఇల్లాలు తాటాకు మీద ద్విపద రాసుకుంటున్నట్టు ఒక అమ్మాయి కథ రాసింది. చదివిన నలుగురిలో ముగ్గురు "ఆ రోజుల్లో ఆడవాళ్లు ఇలా రాసేవాళ్లా? ఇది ఇప్పటి ఆలోచన" అన్నారు. ఆ పిల్ల ఆ పేరా కొట్టేసి నా దగ్గరికి తెచ్చింది. అన్నమయ్య భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది ద్విపదలోనే, వాళ్ల ఊరు తాళ్లపాక ఉన్నదీ కడప సీమలోనే అని చెప్పాను. కొట్టేసిన గీతల కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి. అక్కడే కూర్చుని ఆ పేరా అంతా మళ్లీ శుభ్రంగా రాసుకుంది.