మూడు కాపీలా, రెండా: 2009లో రాలిపోయిన పారిటీ కథ

మళ్ళీ అదే మాట మొదలైంది. క్లస్టర్ (డేటా దాచే సర్వర్ల గుంపు) నిండిపోతోంది, కొత్త డిస్కులు ఇప్పట్లో రావు, కాబట్టి హెచ్‌డీఎఫ్‌ఎస్ (ఫైళ్ళని బ్లాకులనే ముక్కలు చేసి ఎన్నో మెషిన్ల మీద దాచే హడూప్ ఫైల్ సిస్టమ్) మొత్తానికి రెప్లికేషన్, అంటే ఒక్కో బ్లాక్‌కి ఉంచే కాపీల సంఖ్య, 3 నుంచి 2కి దించేస్తే ఒక్క కమాండ్‌తో వాడుకలో ఉన్న జాగాలో మూడో వంతు ఖాళీ అయిపోతుంది కదా అని. లెక్క తప్పేం కాదు. కానీ ఈ వాదన చివర్లో ఎవరో ఒకరు "ఫేస్‌బుక్ వాళ్ళే రెండు కాపీలతో నడిపారు" అంటారు, అసలు చిక్కంతా అక్కడే ఉంది.

మూడు కాపీలే ఎందుకు, హెచ్‌డీఎఫ్‌ఎస్‌కి మూలమైన 2003 గూగుల్ ఫైల్ సిస్టమ్ పేపర్‌లో ఏం రాశారు, ఇవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. చూడాల్సింది 2009. అప్పుడు ఫేస్‌బుక్‌లో పనిచేస్తున్న ధ్రుబ బోర్తాకుర్ హెచ్‌డీఎఫ్‌ఎస్-రెయిడ్ గురించి బయటపెట్టారు. పద్ధతి ఏంటంటే, కొన్నాళ్ళుగా మార్పులేం జరగని ఫైల్ తీసుకుని దాని బ్లాకుల్ని పదేసి చొప్పున ఎక్స్‌ఓఆర్ చేసి (బిట్లని బిట్లతో కలిపే లెక్క) ఒక పారిటీ బ్లాక్, అంటే పోయినదాన్ని తిరిగి కట్టడానికి పనికొచ్చే అదనపు బ్లాక్, తయారుచేస్తారు, తర్వాత అసలు బ్లాకులకి రెండేసి కాపీలు, పారిటీకి కూడా రెండు కాపీలు ఉంచి మిగతావి తీసేస్తారు. పది బ్లాకులకి మొత్తం 22, అంటే 2.2 రెట్ల జాగా. ఏదైనా ఒక బ్లాక్‌కి ఉన్న రెండు కాపీలూ పోయినా మిగతా తొమ్మిది బ్లాకులూ పారిటీ కలిపి దాన్ని తిరిగి కట్టేయొచ్చు. మూడో కాపీ తీసేశారు, నిజమే, కానీ అది చేసే పనిని ముందు పారిటీకి అప్పగించాకే తీసేశారు.

ఆ 2.2 కాస్తా నోటినోటా తిరిగేసరికి 2 అయిపోయింది. రెయిడ్ కోడ్ హడూప్‌లో అదనపు కోడ్ ఉంచే కాంట్రిబ్‌లో ఓ మూల ఉండేది, దాన్ని సెటప్ చేసుకోవాలంటే పని ఉంది, కాపీల సంఖ్య మార్చే సెట్‌రెప్ కమాండ్ మాత్రం ప్రతి క్లస్టర్‌లోనూ రెడీగా ఉంటుంది, అందుకని ఆ కథలో సులువైన సగం అందరికీ గుర్తుండిపోయింది, కష్టమైన సగం రాలిపోయింది. నా ఉద్దేశంలో ఇవాళ్టి గొడవ మొత్తం ఆ పోయిన 0.2 గురించే.

క్లస్టర్‌ని నడిపే ఆపరేషన్స్ వాళ్ళు ఎందుకు అంత గట్టిగా వద్దంటున్నారో కొంచెం వివరంగా చెప్పాలి. డిఫాల్ట్ సెట్టింగ్స్‌లో ఒక డేటానోడ్ (బ్లాకులు దాచే మెషిన్) పడిపోతే నేమ్‌నోడ్ (ఏ బ్లాక్ ఎక్కడుందో చూసుకునే మెషిన్) దాన్ని చనిపోయిందని తేల్చడానికి పదిన్నర నిమిషాలు పడుతుంది, ఆ తర్వాతే కొత్త కాపీలు చేయడం మొదలవుతుంది. రెండు కాపీల క్లస్టర్‌లో ఆ టైమ్ అంతా ఆ నోడ్‌లోని ప్రతి బ్లాక్‌కీ బయట మిగిలేది ఒక్క కాపీనే. ఆ ఒక్కటి ఉన్న డిస్క్‌లో ఎప్పటినుంచో ఒక సెక్టార్ చెడిపోయి ఉందనుకోండి, అది సరిగ్గా ఆ రోజే బయటపడుతుంది.

ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేమ్‌నోడ్ తక్కువ కాపీలున్న బ్లాకుల్ని ప్రాధాన్యం ప్రకారం వేర్వేరు క్యూల్లో పెడుతుంది, ఒక్క కాపీ మాత్రమే మిగిలినవి అన్నిటికంటే పైన ఉంటాయి. మూడు కాపీలున్నప్పుడు ఒక నోడ్ పోతే బ్లాకులు రెండుకి దిగి మామూలు క్యూలోకి వెళ్తాయి, నిజంగా ప్రమాదంలో ఉన్న కొన్నే పైకి వస్తాయి. అన్నిటికీ రెండే పెట్టేశాక ఒక్క నోడ్ పోయినా దానిలోని బ్లాకులన్నీ ఒకేసారి పై క్యూలో పడతాయి, ఇక దేన్ని ముందు కాపాడాలో సిస్టమ్‌కి తెలిసే దారి ఉండదు.

2013లో వచ్చిన కాపీసెట్స్ పేపర్‌లో ఇంకా భయపెట్టే అంకె ఉంది. కరెంట్ పోయి వచ్చాక 1 శాతం నోడ్లు తిరిగి లేవకపోతే ఫేస్‌బుక్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో కొంతైనా డేటా పోయే అవకాశం 22.8 శాతం అని వాళ్ళు లెక్కగట్టారు, కాపీల్ని ఎక్కడ పెట్టాలో పద్ధతి మారిస్తే 0.78కి దిగింది. అది మూడు కాపీలు ఉన్నప్పటి లెక్క అని మర్చిపోవద్దు. అదే ఏడాది ఫేస్‌బుక్ ఇంజినీర్లు యూనివర్సిటీ వాళ్ళతో కలిసి రాసిన ఇంకో పేపర్‌లో 3000 నోడ్ల క్లస్టర్‌లో రోజుకి 20 నోడ్లు పోవడం మామూలే అని చెప్పారు. రీడ్-సోలోమన్ 10+4 (పది బ్లాకులకి నాలుగు పారిటీ బ్లాకులు పెట్టే పద్ధతి) వాడితే జాగా 1.4 రెట్లకి దిగుతుంది, అయినా అప్పటికి డేటాలో 8 శాతానికే పెట్టారు, ఎందుకంటే ఒక్క బ్లాక్ బాగుచేయాలంటే పది బ్లాకులు నెట్‌వర్క్ మీద చదవాలి. అంత పెద్ద క్లస్టర్ నడిపేవాళ్ళే అంత ఆచితూచి వెళ్ళారు.

తగ్గించాలనే వాళ్ళ వైపు కూడా న్యాయం ఉంది. మళ్ళీ ఒక జాబ్ రన్ చేస్తే వచ్చేసే మధ్యంతర డేటాకి మూడు కాపీలు దండగే, దానికి 2 కాదు 1 పెట్టినా చాలు. మొదట్నుంచీ రెప్లికేషన్‌ని ఫైల్ ఫైల్‌కీ వేరుగా పెట్టుకోనిచ్చింది అందుకే, మ్యాప్‌రెడ్యూస్ (హడూప్‌లో డేటా మీద లెక్కలు నడిపే పద్ధతి) జాబ్ ఫైళ్ళు డిఫాల్ట్‌గా 10 కాపీలతో వెళ్ళేదీ అందుకే. కానీ ఇప్పుడు అడుగుతున్నది అది కాదు, అన్నిటికీ పైనుండే రూట్ డైరెక్టరీ మీదే కమాండ్ కొడదాం అంటున్నారు. అలా కొడితే 10 ఉన్నవీ 2 అవుతాయి, కావాలని 1 పెట్టుకున్నవీ 2కి పెరుగుతాయి. స్నాప్‌షాట్‌లో (ఒక సమయంలో డైరెక్టరీ ఎలా ఉందో దాచిపెట్టిన రూపం) 3తో ఉన్న ఫైళ్ళ బ్లాకులు ఆ స్నాప్‌షాట్ తీసేదాకా తగ్గవు. కొత్త ఫైల్‌కి ఎన్ని కాపీలో చెప్పే డీఎఫ్‌ఎస్ డాట్ రెప్లికేషన్ అనేది ఫైల్ రాసే క్లయింట్ ప్రోగ్రామ్ వైపు సెట్టింగ్, కాబట్టి ఆ మర్నాటి నుంచి పాత కాన్ఫిగ్ ఉన్న ప్రతి జాబూ మళ్ళీ 3తోనే రాస్తుంది. కాపీలు తగ్గించడం గబగబా అయిపోతుంది, వద్దనుకుని తిరిగి పెంచాలంటే అంత డేటా మళ్ళీ నెట్‌వర్క్ మీద పారాలి, దానికి ఖాళీ జాగా కూడా కావాలి, అప్పటికి ఆ జాగా ఇంకేదో తినేసి ఉంటుంది.

2009లో రాలిపోయిన సగం 2017 డిసెంబర్‌లో హడూప్ 3.0తో ఎరేజర్ కోడింగ్ (కాపీల బదులు పారిటీతో డేటాని కాపాడే పద్ధతి) రూపంలో మెయిన్ కోడ్‌లోకే వచ్చేసింది. ఆర్ఎస్-6-3 (రీడ్-సోలోమన్, ఆరు డేటా బ్లాకులకి మూడు పారిటీ) పాలసీలో జాగా 1.5 రెట్లే, ఏ మూడు బ్లాకులు పోయినా డేటా నిలుస్తుంది, అంటే రెండు కాపీల కంటే చవక, మూడు కాపీల కంటే గట్టి. దీనికి కనీసం తొమ్మిది డేటానోడ్లు కావాలి, పాలసీ పెట్టినంత మాత్రాన పాత ఫైళ్ళు మారవు, వాటిని కాపీ చేసి మళ్ళీ రాయాలి. చిన్న ఫైళ్ళకైతే ఇది నష్టమే, 1 ఎంబీ లోపు ఫైల్‌కి ఒక డేటా బ్లాక్, మూడు పారిటీ కలిపి నాలుగు రెట్లు పడుతుంది. అందుకని ముందు చిన్న ఫైళ్ళని కలిపి పెద్దవి చేసుకోవాలి, ఏ డైరెక్టరీ మళ్ళీ తయారుచేసుకోగలిగిందో ఏది పోతే ఇక రాదో లిస్ట్ రాసుకోవాలి. కొన్ని వారాల పని. రెండు కాపీలు చాలంటున్న ప్రపోజల్‌లో ఆ లిస్ట్ లేదు.