ఏళ్ల తరబడి ఆగిన అంబాసిడర్‌ను లేపడం: అపోహలు - వాస్తవాలు

"నాన్నగారి బండండీ, పదేళ్లుగా కదల్లేదు. కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడితే చాలు కదా?" నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి.

అపోహ: బ్యాటరీ మారిస్తే ఇంజిన్ లేస్తుంది.

వాస్తవం: లేవొచ్చు. ఆ లేవడంలోనే బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) గీసుకుపోవచ్చు కూడా. ఇన్నేళ్లలో బోరు గోడల మీది ఆయిల్ కిందికి జారిపోతుంది, తేమకు తుప్పు పట్టి పిస్టన్ రింగులు బోరుకు అంటుకుంటాయి. అందుకే బ్యాటరీ నాకు ఆఖరి పని. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో బోరులో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి రెండ్రోజులు వదిలేస్తాను. తర్వాత బండిని న్యూట్రల్‌లో ఉంచి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూస్తాను. కదలకపోతే బలం చూపించకూడదు. మళ్లీ ఆయిల్ పోయడం, మళ్లీ ఆగడం. తేలిగ్గా తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోసి, కాయిల్ (స్పార్క్‌కు హై వోల్టేజ్ ఇచ్చే భాగం) వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొడతాను, ఆయిల్ లైటు ఆరేదాకా, మధ్యమధ్యలో ఆపుతూ. కంప్రెషన్ లేనందున బేరింగుల మీద భారం పడకముందే ఆయిల్ అన్నిచోట్లకీ చేరుతుంది. ప్లగ్గుల రంధ్రాల మీద గుడ్డ వేయడం మరిచిపోకండి. ఓసారి నేను మరిచిపోయి మంచి చొక్కా పోగొట్టుకున్నాను.

అపోహ: పాత పెట్రోల్‌లో కొత్తది కలిపితే సరిపోతుంది.

వాస్తవం: తేలిగ్గా మండే భాగం ఎప్పుడో ఆవిరైపోయింది. మిగిలింది వార్నిష్ వాసన కొట్టే జిగురు. అది కార్బొరేటర్ జెట్‌లను (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాలను) మూసేస్తుంది. ట్యాంకు దించి కడిగేదాకా నేను విడిగా డబ్బాతో పెట్రోల్ ఇస్తాను. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా మార్చడమే మేలు.

అపోహ: స్పార్క్ రాకపోతే కాయిల్ పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు పాయింట్లకు (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును కలిపి తెంచే కాంటాక్టులకు) పట్టిన మరకే కారణం. సన్న ఎమెరీ కాగితంతో రుద్ది, గ్యాప్ 0.4 మి.మీ. దగ్గర పెట్టి చూడండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి.

అపోహ: వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్‌లో ఉంచితే బండి పాడవదు.

వాస్తవం: దీనికన్నా అసలు ముట్టుకోకపోవడమే నయం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లో, సైలెన్సర్‌లో ఉండిపోతుంది. నెలకోసారి ఇరవై కిలోమీటర్లు తిప్పండి.

అపోహ: ఇంజిన్ లేచిందంటే రోడ్డెక్కొచ్చు.

వాస్తవం: ఇన్నేళ్లలో చక్రాల దగ్గర బ్రేకులను నొక్కే వీల్ సిలిండర్లు తుప్పు పడతాయి, బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. మా షెడ్డులో ఒక బండి మొదటి సెల్ఫ్‌కే లేచింది. సంబరంగా గేరు వేశాం. బ్రేక్ పెడల్ నేలకంటింది, బండిని గోడ ఆపింది.