ప్రాణం పోసింది ఎవరు?

బయోటెక్నాలజీ చదువుతున్న మా మేనకోడలు మొన్న చెన్నై మాంబళంలో మా ఇంటికొచ్చి, "మావయ్యా, జన్యువుల మార్పు అనగానే అందరూ ఫ్రాంకెన్‌స్టైన్ అంటారేంటి? మా చదువే తప్పా?" అని అడిగింది. ఆ నవలలో ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది భూతం పేరు కాదమ్మా, శవాల ముక్కలతో దాన్ని తయారుచేసిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే కుర్రవాడిది అన్నాను. భూతానికి అతను పేరు కూడా పెట్టలేదు.

1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ ప్రభావంతో మరుసటి ఏడు యూరప్‌కు ఎండాకాలమే రాలేదు. జెనీవా సరస్సు దగ్గర వానకు ఇంట్లో చిక్కుకుపోయిన స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాయాలనుకున్నారు. అందులో 18 ఏళ్ల మేరీ షెల్లీ మొదలుపెట్టిన కథ 1818 జనవరి 1న లండన్‌లో ఆమె పేరు లేకుండానే ఈ నవలగా వచ్చింది.

అది ఊరికే పుట్టిన ఊహ కాదు. చచ్చిన కప్ప కాళ్లు కరెంటుకు ఎగిరిపడతాయని ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ అప్పటికే చూపించాడు. ఆయన మేనల్లుడు ఆల్డీని 1803లో లండన్‌లో, ఉరితీసిన ఖైదీ శవానికి బ్యాటరీ తీగలు తగిలించాడు. దవడ వణికింది. ఒక కన్ను తెరుచుకుంది. కుడి పిడికిలి బిగిసి పైకి లేచింది.

నవలలోనూ కన్నే తెరుచుకుంటుంది. నవంబరు రాత్రి, బయట వాన, కొవ్వొత్తి కొడిగడుతోంది. దాదాపు రెండేళ్లు తిండీ నిద్రా మాని పనిచేసిన విక్టర్, ఆ పసుపు కన్ను చూడగానే గది వదిలి పారిపోతాడు. నాకు భయం వేసేది అక్కడే.

తర్వాత నవలల్లోనూ ఇదే దారి. 1886లో డాక్టర్ జెకిల్ తాను చేసిన మందు తాగి హైడ్ అనే దుర్మార్గుడయ్యాడు. 1896లో, అంటే మన ఎగ్మూరులో కన్నెమరా లైబ్రరీ తెరిచిన ఏడాదే, మరో నవలలో డాక్టర్ మోరో ఒక దీవిలో జంతువుల్ని కోసి మనుషుల్ని చేయబోయాడు.

మనకూ ఇలాంటి కథ ఉంది, ఇంకా పాతది. 1947లో మద్రాసులో పుట్టిన చందమామ పుణ్యమా అని బేతాళుడు మనందరికీ తెలుసు. పాత బేతాళ కథల్లో నలుగురు అన్నదమ్ములు ఏదో ఎముక తెచ్చి, ఒకడు మాంసం, ఒకడు చర్మం, ఒకడు అవయవాలు అమరుస్తారు. నాలుగోవాడు ప్రాణం పోస్తాడు. సింహం లేచి నలుగురినీ తినేస్తుంది. పాపం ఎవరిదని బేతాళుడు అడిగితే, ప్రాణం పోసినవాడిదే అంటాడు రాజు. మిగతావాళ్లకు అది ఏ జంతువో తెలియదు. అతను సింహమని చూసి కూడా పోశాడు.

మా మేనకోడలికి నేనిచ్చిన జవాబు అదే. 2018 నవంబరులో చైనాలో ఒక శాస్త్రవేత్త, జన్యువులు మార్చిన కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. మరుసటి ఏడు కోర్టు అతనికి మూడేళ్ల జైలు వేసింది. అతని శిక్ష ఎప్పుడో అయిపోయింది. ఆ పిల్లలకు ఇప్పుడు బడికెళ్లే వయసు. వాళ్లను జీవితాంతం ఎవరు కనిపెట్టుకుని ఉంటారన్నదే నా దిగులు.