చెయ్యి లేచే ముందు

రోడ్డు మీద రెండు బైకులు రాసుకున్నాయి. మాటా మాటా పెరిగింది. ఇద్దరికీ కోపం నషాళానికంటింది. ఒకడు పళ్లు కొరుక్కుంటూ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. రెండోవాడి చెయ్యి లేచింది. కోపం ఇద్దరికీ వచ్చింది, దాన్ని క్షణం పాటు ఆపుకోవడంలోనే తేడా. స్వభావానికీ నేరానికీ ఉన్న సంబంధం నాకు ఎక్కువగా కనిపించేది ఆ క్షణంలోనే.

ఒకప్పుడు ఈ తేడాను ముఖంలో వెతికారు. నేరస్థులు పుట్టుకతోనే వేరు, పెద్ద దవడ, వాలు నుదురు చూసి గుర్తుపట్టొచ్చు అని ఇటలీ వైద్యుడు లొంబ్రోసో 1876లో వాదించాడు. ఇంగ్లండ్ జైలు వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీల కొలతలు తీయించి చూసి, అలాంటి శరీర లక్షణాలేవీ లేవని 1913లో తేల్చేశాడు.

చూడాల్సింది నడుచుకునే తీరు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని పరిశోధకులు మూడేళ్ల వయసు నుంచి గమనిస్తూ వచ్చారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తున్నారా? తమ వంతు వచ్చేదాకా ఆగగలుగుతున్నారా? చిన్నదానికే రెచ్చిపోతున్నారా? తల్లిదండ్రులనూ టీచర్లనూ అడిగారు, తామూ దగ్గరుండి చూశారు. 32 ఏళ్లు వచ్చేసరికి, చిన్నప్పుడు నిగ్రహం అతి తక్కువగా ఉన్న ఐదో వంతు పిల్లల్లో 43 శాతం మంది ఏదో ఒక నేరంలో దోషులుగా తేలారు. నిగ్రహం బాగా ఉన్న ఐదో వంతులో 13 శాతమే. కుటుంబ ఆర్థిక స్థితినీ తెలివితేటలనూ లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు.

ఆ 43ను ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. నిగ్రహం అతి తక్కువ అనుకున్న పిల్లల్లోనే 57 శాతం మంది మీద ఏ నేరమూ రుజువు కాలేదు. అందుకే, కుదురుగా కూర్చోని పిల్లాణ్ని చూసి "వీడు పెద్దయితే జైలుకే" అని ఎవరైనా అంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ లెక్కలు ఆ మాట చెప్పడం లేదు.

జాలి, పశ్చాత్తాపం లేని సైకోపతీ నిజంగానే ఉంది. కానీ జైళ్లలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఆ కోవకు రారు.

పైగా స్వభావం రాతి మీద గీత కాదు. టీనేజీలో దారి తప్పినవాళ్లలో చాలామంది ఇరవైల్లో ఆ పనులు మానేస్తారు. చిన్నప్పుడే మొదలుపెట్టి జీవితమంతా కొనసాగించేవాళ్లు కొద్దిమందేనని మనస్తత్వ శాస్త్రవేత్త టెరీ మాఫిట్ 1993లోనే రాసింది. డునెడిన్ పిల్లల్లోనూ, ఎదిగేకొద్దీ నిగ్రహం పెరిగినవాళ్లు కొందరున్నారు. బాల్యంలో వాళ్ల నిగ్రహానికి పడ్డ మార్కులను బట్టి ఊహించిన దానికన్నా వాళ్ల జీవితాలు మెరుగ్గా సాగాయి.