ఖజానా భయంతో పుట్టిన భరణం

బిడ్డ పోషణకు డబ్బివ్వని తండ్రి జీతంలోంచే ఆ సొమ్ము కోత కోయించడం నేడు చాలా దేశాల్లో కోర్టులకు మామూలు పని. 1840లో ఇంగ్లండు న్యాయం ఇలా లేదు. వేరొకరి కొడుక్కి బస ఇచ్చి భోజనం పెట్టిన మనిషి, ఆ ఖర్చు ఇప్పించమని తండ్రి మీద దావా వేశాడు. మార్టిమోర్, రైట్ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో తండ్రే గెలిచాడు. తాను ఒప్పుకోని ఖర్చు విషయంలో తండ్రికి ఉండే బాధ్యత అన్నదమ్ముడికో, పినతండ్రికో, దారిన పోయే దానయ్యకో ఉండేదాని కన్నా ఎక్కువేమీ కాదని న్యాయమూర్తి లార్డ్ అబింజర్ తేల్చారు. పెంచడం ధర్మమే కావచ్చు, ధర్మం వేరు, బాకీ వేరు అన్నమాట.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, పిల్లల్ని పోషించి తీరాలనే చట్టం అప్పటికే ఆ దేశంలో రెండు శతాబ్దాలకు పైగా అమల్లో ఉంది. కాకపోతే అది పిల్లల కోసం పుట్టిన చట్టం కాదు.

పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు. అక్కడి పేదల ఖర్చుకు పన్ను కట్టవలసింది ఆ ఊరివాళ్లే. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ ఊరి మీద పడితే ఆ పన్ను పెరుగుతుంది. అందుకే 1576లో ఒక చట్టం చేశారు. అలాంటి బిడ్డకు తల్లి, తండ్రిగా తేలిన మనిషి వారం వారం ఇంత అని చెల్లించాలి, లేదా జైలుకు పోవాలి. 1601 నాటి పేదల చట్టం తల్లిదండ్రులతో ఆగలేదు. తాతనూ అవ్వనూ కూడా బాధ్యుల్ని చేసి, స్తోమత ఉండీ ఆదుకోని వాళ్లకు నెలకు ఇరవై షిల్లింగుల జరిమానా పెట్టింది. అడిగే హక్కు మాత్రం పారిష్ అధికారులది. బిడ్డకు ఆకలి వేయడం చట్టానికి పట్టలేదు, ఆ ఆకలి పన్ను కట్టేవాళ్ల నెత్తిన పడడమే పట్టింది.

పన్ను భారం పెరిగినప్పుడు ఆ తర్కం తల్లి మీదికి కూడా తిరిగింది. 1834 సంస్కరణలో, పెళ్లి కాని తల్లే తన బిడ్డ భారం మోయాలన్నారు. తండ్రి నుంచి రాబట్టడం పారిష్‌కే కష్టమైపోయింది. పదేళ్లకు, 1844లో, తల్లే నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే దారి తెరిచారు. ఆమెకు దక్కగలిగింది మహా అయితే వారానికి రెండున్నర షిల్లింగులు. ఆ పరిమితిని అయిదు షిల్లింగులకు పెంచడానికి 1872 దాకా పట్టింది.

పాతకాలమంతా ఇంతే అనుకుంటే పొరపాటు. కుటుంబంలో చావుబతుకుల అధికారం తండ్రిదేనన్న రోమునే చూడండి. క్రీస్తు శకం మూడో శతాబ్దానికల్లా అక్కడి న్యాయవేత్తలు తల్లిదండ్రులూ పిల్లలూ ఒకరినొకరు పోషించుకోవాలని, ఆ మొత్తాన్ని స్తోమత చూసి న్యాయాధికారి తేల్చాలని రాశారు. బిడ్డ గొంతు నులిమినవాడే కాదు, తిండి నిరాకరించినవాడూ హంతకుడి కిందే లెక్క అని పౌలస్ అనే న్యాయవేత్త అన్నాడు.

రోమన్ చట్టానికి వారసురాలైన ఫ్రాన్సు ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కుంది. 1804 పౌరస్మృతిలోని 203వ అధికరణం ప్రకారం పెళ్లి చేసుకోవడంతోనే పిల్లల తిండి, పోషణ, పెంపకం దంపతుల బాధ్యత అయిపోతుంది. మరి పెళ్లి లేకుండా పుడితే? తండ్రి ఎవరని ఆరా తీయడమే నిషిద్ధమని 340వ అధికరణం తలుపు మూసేసింది. ఆస్తిపరుల పరువు కాపాడిన ఆ నిషేధం ఫలితాన్ని అనాథాశ్రమాల గోడల్లో చూడవచ్చు. 1811 నాటి ఉత్తర్వు ప్రకారం ఈ ఆశ్రమాల గోడల్లో తిరిగే చెక్క తొట్టెలు పెట్టారు. బయట నిలబడ్డ తల్లి బిడ్డను అందులో పడుకోబెట్టి, గంట మోగించి వెళ్లిపోతుంది. లోపలివాళ్లు తొట్టెను తమ వైపు తిప్పుకుంటారు. ఎవరి ముఖం ఎవరికీ కనిపించదు. తండ్రిని వెతికే హక్కు, అదీ కొన్ని షరతులతో, 1912లో గానీ రాలేదు. మూడేళ్లకు నార్వే చాలా ముందుకు వెళ్లి, రాజకీయ నాయకుడు యోహాన్ కాస్ట్‌బర్గ్ పట్టుదలతో అలాంటి పిల్లలకు తండ్రి ఇంటిపేరూ వారసత్వమూ కూడా ఇచ్చింది.

ఇంగ్లండు తర్కం వలస పాలనతో భారతదేశానికీ వచ్చింది. 1872 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌ను రూపొందించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్, అందులోని భరణం నిబంధన దిక్కులేక తిరగడాన్ని అరికట్టే మార్గమని దాచకుండా చెప్పారు. సివిల్ హక్కుగా ఉండవలసిన పోషణ క్రిమినల్ కోడ్‌లో ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు అదే. 1898 కోడ్‌లోని 488వ సెక్షన్‌లో నెలకు యాభై రూపాయలతో మొదలైన గరిష్ఠ పరిమితి 1955లో అయిదు వందలకు చేరింది. 1973లో ఆ సెక్షన్ 125గా మారినా పరిమితి మాత్రం 2001 దాకా అంగుళం కదల్లేదు. మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది: తల్లిదండ్రుల మధ్య పెళ్లి జరిగిందా లేదా అన్న తేడా లేకుండా బిడ్డకు ఈ చట్టం మొదటినుంచీ వర్తిస్తోంది. అమెరికాలోని టెక్సాస్‌లో పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు తండ్రి నుంచి పోషణ అడిగే హక్కు 1973లో సుప్రీంకోర్టు చెప్పేదాకా లేదు.

తండ్రి ఎవరో నిరూపించడం మరో తలనొప్పి. 1940లలో చార్లీ చాప్లిన్ మీద వేసిన కేసునే తీసుకోండి. ఆయన రక్తం ఓ గ్రూపు, తల్లిది ఏ, బిడ్డది బీ. ఆ ఇద్దరికీ బీ గ్రూపు బిడ్డ పుట్టడం కుదరదు. అయినా రక్తపరీక్ష తుదిమాట కాదన్న కాలిఫోర్నియా చట్టం ప్రకారం జ్యూరీ ఆయన్నే తండ్రిగా తేల్చింది, వారానికి 75 డాలర్లు ఇమ్మన్నారు. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ వేలిముద్ర పద్ధతిని కనుగొన్నాక ఈ ఊహాగానాలకు పని లేకుండా పోయింది.

అంతలో లెక్కలూ మారాయి. ఎంత ఇవ్వాలన్నది న్యాయమూర్తి విచక్షణకు వదిలితే ఒకే జీతానికి ఒక్కో కోర్టులో ఒక్కో మొత్తం వస్తోందని సూత్రాలు తయారు చేశారు. అమెరికాలోని విస్కాన్సిన్ సూత్రం ఒక బిడ్డకు ఆదాయంలో 17 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 29. ఆస్ట్రేలియా 1988లో వసూలు బాధ్యతను ఏకంగా పన్నుల శాఖకే అప్పగించింది. స్వీడన్ 1937లోనే తలకిందుల దారి పట్టింది: బిడ్డకు రావలసింది ముందు ప్రభుత్వమే ఇస్తుంది, తర్వాత బాకీదారు వెంట పడుతుంది. ఎగవేత నష్టం బిడ్డది కాకుండా ఖజానాది అవుతుంది. ఈ దారి పట్టిన దేశాలు మాత్రం కొన్నే.

అమెరికాలో 1975లో కేంద్రం రంగంలోకి దిగడానికి కారణం పేద తల్లులకిచ్చే సాయం బిల్లు. చట్టం మీద సంతకం పెడుతూనే, కుటుంబ వ్యవహారాల్లోకి కేంద్రాన్ని మరీ లోతుగా దించుతున్నారని అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ విసుక్కున్నారు. సాయం పొందే కుటుంబం తన భరణపు హక్కును ప్రభుత్వానికి రాసివ్వాలి. తండ్రి నుంచి వసూలైనది ఖజానాకు పోతుంది. 1984లో కాస్త కరుణించి, నెలలో వచ్చే మొదటి యాభై డాలర్లు కుటుంబానికి వదిలేయమన్నారు. 1993లో పనిలోకి దిగిన బ్రిటన్ భరణం వసూలు సంస్థ తీరూ ఇదే. సాయం మీద బతికే తల్లికి భరణంగా ఎన్ని పౌండ్లు వస్తే సాయంలో అన్ని పౌండ్లు తగ్గేవి.

1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డ ఎదుగుదలకు కావలసిన జీవన పరిస్థితులు కల్పించే ప్రాథమిక బాధ్యత తల్లిదండ్రులదేనని, వాళ్లు పరాయి దేశంలో ఉన్నా పోషణ సొమ్ము రాబట్టే ఏర్పాట్లు ప్రభుత్వాలు చేయాలని 27వ అధికరణంలో రాసింది. అక్కడ హక్కుదారు పారిష్ కాదు, బిడ్డ. ఆ ఒడంబడికను ఆమోదించని ఐక్యరాజ్యసమితి సభ్యదేశం అమెరికా ఒక్కటే. అక్కడ 1996లో ఆ యాభై డాలర్ల నిబంధనను ఎత్తేసి, బిడ్డకు ఎంత వదలాలో రాష్ట్రాల ఇష్టానికి విడిచిపెట్టారు. ఏమీ వదలకుండా మొత్తం తామే ఉంచుకోవాలని నిర్ణయించుకున్న రాష్ట్రాలు చాలానే తేలాయి.