“అన్నీ ఉన్నయ్ కదా, నీకేం తక్కువైంది?”: టీనేజీ పిల్లల మనసు గురించి మన ఇండ్లలో వినపడే అపోహలు

హన్మకొండలో క్లినికల్ సైకాలజిస్టుగా నేను ఎక్కువగా చూసేది ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం దాకా ఉన్న పిల్లల్ని. కొందరు పరకాల, నర్సంపేట, భూపాలపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కొందరు ఇక్కడి ఇంటర్ హాస్టళ్ల నుంచి ఔటింగ్ రోజున వస్తారు. పిల్లలు నోరు తెరవకముందే పక్కన కూర్చున్న పెద్దవాళ్లు చెప్పేసే మాటలు కొన్నుంటాయి. వాటినే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణల్లో ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: “మేమేం తక్కువ జేసినం? ఫీజు కడుతున్నం, ఫోన్ కొనిచ్చినం. వానికేం కష్టముంటది?”

నేను ఎక్కువగా వినేది ఇదే. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. పత్తి చేన్ల నడుం వంచి పనిచేసి, అప్పు తెచ్చి ఫీజు కట్టిన మనిషికి ఆ ప్రశ్న రావడం సహజమే. కానీ అది పిల్లల చెవికి వేరేగా చేరుతుంది. ‘బాధపడాలంటే ముందు కారణం చూపించు’ అన్నట్టు వినపడుతుంది. చూపించడానికి వాడి దగ్గర కారణం ఉండదు. దాంతో అంతకుముందు లేని అపరాధ భావం కూడా వచ్చి చేరుతుంది. “నాకే తెల్వది సార్, అందరూ మంచిగనే ఉంటరు నాతోని” అంటూ ఏడ్చే పిల్లలు చాలామంది.

డిప్రెషన్ రావడానికి ఇంట్లో పెద్ద కష్టమే ఉండాలని లేదు. వంశంలో ఉండొచ్చు. హార్మోన్ల మార్పు, నిద్ర లేమి, క్లాసులో ఎవరో రోజూ ఎగతాళి చేయడం, దగ్గరి మనిషి పోవడం, ఇవి రెండు మూడు కలవనూ వచ్చు. 10 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ ఏడో వాడు పేదింట్లోనే పుట్టాలని ఎక్కడా లేదు.

అందుకే ‘ఎందుకు?’ అనేదాన్ని పక్కన పెట్టి, ‘ఏం మారింది?’ అని చూడమంటాను. జగిత్యాల వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. తండ్రి దుబాయిలో ఉంటాడు, రోజూ వీడియో కాల్ చేస్తాడు, మార్కులు అడుగుతాడు. మార్కులు బాగానే ఉన్నాయి కాబట్టి తేడా ఎవరికీ కనపడలేదు. నానమ్మ మాత్రం పట్టుకుంది. సాయంత్రం క్రికెట్‌కు పోవడం మానేశాడు, ఇష్టమైన కూర వండినా రెండు ముద్దలు తిని లేస్తున్నాడు, మూడు రోజులకోసారి స్నానం చేస్తున్నాడు. ఆమె చెప్పిన ఆ మూడు సంగతులే నాకు సగం పని చేసిపెట్టాయి. దిగులు గానీ చిరాకు గానీ, ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం గానీ రెండు వారాలపాటు దాదాపు ప్రతిరోజూ ఉండి, తిండి, నిద్ర, చదువు, స్నేహాలు దెబ్బతింటుంటే చూపించాల్సిందే. ప్రీ ఫైనల్‌లో మార్కులు తగ్గి మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు దోస్తులతో నవ్వుతున్న అమ్మాయికి నా అవసరం లేదు.

అపోహ: “పొద్దుగాల కాలేజీ టైంకే కడుపునొప్పి. ఆదివారం ఉండది. అంతా నాటకం.”

ఆదివారం లేకపోవడం అసలు సంగతికి ఆధారమే, నాటకానికి కాదు. మెదడుకూ పేగులకూ నరాల ద్వారా నిరంతరం రాకపోకలున్నాయి. భయం పుట్టినప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణక్రియ కుంటుపడుతుంది. పిల్లకు వచ్చే నొప్పి నిజమైన నొప్పే. స్కానింగ్‌లో కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. “మనసులో భయంగా ఉంది” అంటే కొట్టిపారేసే ఇంట్లో “కడుపు నొస్తుంది” అంటే కనీసం జీలకర్ర నీళ్లయినా దొరుకుతాయి.

ఇంకో రకం వాళ్లు రాత్రిపూట ఎమర్జెన్సీకి పరుగెత్తుకొస్తారు. ఒక్కసారిగా దడ, చెమటలు, ఊపిరాడదు, చచ్చిపోతానన్న భయం. ఈసీజీ తీస్తారు, నార్మల్. “ఏం లేదు, తీస్కపోండి” అంటారు. ఏం లేకపోవడం కాదది, పానిక్ అటాక్. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. దానివల్ల ప్రాణం పోదు. ఆ మాట చెప్పి, ఊపిరి నిదానంగా వదలడం నేర్పితేనే చాలామందిలో భయం సగం దిగుతుంది. మళ్లీ వస్తుందేమోనని బయటికి పోవడమే మానేస్తే మాత్రం చికిత్స కావాలి.

అలాగని ప్రతి నొప్పినీ మనసు మీదికి తోసేయడం నాకు ఇష్టం ఉండదు. ముందు ఫిజీషియన్ చూడాలి. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, మలంలో రక్తం ఉంటే నా దగ్గరికి కాదు, నేరుగా అక్కడికే పోవాలి. ఎప్పుడూ నీరసం, దేని మీదా ధ్యాస లేదంటూ వచ్చే అమ్మాయిలకు హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించమంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ గోళీలతో తేరుకునే పిల్లకు కౌన్సెలింగ్ చేస్తూ కూర్చోవడం న్యాయం కాదు.

అపోహ: “మొగపిలగాడు, గిట్ల ఏడుస్తడా? కోపం ఒక్కటే జర ఎక్కువ.”

ఆ కోపమే చాలాసార్లు దిగులు. పెద్దవాళ్లలో డిప్రెషన్ అంటే ముడుచుకుని కూర్చోవడం. ఈ వయసులో అది చిరాకుగా, తలుపు దబాల్న వేయడంగా, తమ్ముడి మీద చెయ్యి లేపడంగా బయటపడొచ్చు. వైద్య ప్రమాణాల్లో కూడా పిల్లల విషయంలో దిగులుతో సమానంగా చిరాకునూ లెక్కలోకి తీసుకుంటారు. ఏడిస్తే తిట్టి, అరిస్తే ‘మొగోడు’ అనే ఇంట్లో పిల్లవాడు ఏది నేర్చుకుంటాడో వేరే చెప్పాలా?

ఆవేశానికి వయసు కూడా తోడవుతుంది. భావోద్వేగాలను రగిలించే మెదడు భాగాలు ముందే చురుగ్గా మారతాయి. ఆగి ఆలోచించమనే ముందుభాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై అయిదేళ్లు దగ్గర పడతాయి. మీసాలొచ్చినా బుద్ధి రాలేదని తిట్టే ముందు ఇది గుర్తుంటే మేలు. కోపం వస్తే దిండును గుద్దు, గట్టిగా కేకలు వెయ్యి అని యూట్యూబులో చెప్తుంటారు. ప్రయోగాల్లో తేలింది దీనికి వ్యతిరేకం. కోపాన్ని అలా వెళ్లగక్కితే అది తగ్గదు, ఇంకా రాజుకుంటుంది. కాసేపు ఆ గదిలోంచి బయటికి రావడం, నాలుగు వీధులు నడిచి రావడం, ఆ తర్వాత మాట్లాడటం మేలు.

అపోహ: “గాలి సోకింది. తాయెత్తు కట్టిస్తే పోతది.”

ఇక్కడ జాగ్రత్తగా రాయాలి. మేడారం జాతరలో గద్దెల దగ్గర ఎవరికైనా శిగమొస్తే (పూనకం వస్తే) అది జబ్బు కాదు. ఆ చోటుకూ ఆ నమ్మకానికీ చెందిన విషయం, కాసేపటికి దిగిపోతుంది, మనిషి తన పనిలో తాను పడతాడు. మా వైద్య శాస్త్రం కూడా సంస్కృతిలో భాగమైనదాన్ని జబ్బుగా లెక్కించొద్దనే చెబుతుంది. కానీ హాస్టల్లో పదే పదే పడిపోయే, చేతులు కాళ్లు కొట్టుకునే, గొంతు మారి మాట్లాడే పిల్ల సంగతి వేరు. అది మూర్ఛ కావచ్చు, ఎటూ చెప్పుకోలేని ఒత్తిడి శరీరం ద్వారా బయటపడటం కావచ్చు. రెండూ చూడటానికి ఒకేలా ఉండొచ్చు. తేల్చాల్సింది డాక్టరు, అవసరమైతే ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) తీసి. రెండోది అయినా ‘కావాలని చేస్తుంది’ అనకూడదు, ఆ పిల్ల కావాలని చేయడం లేదు. మొక్కు తీర్చుకోండి, కొమురెల్లికి పోండి, నాకేం అభ్యంతరం లేదు. కొట్టడం, వాతలు పెట్టడం, పొగ పెట్టడం మాత్రం చికిత్స కాదు, హింస.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళం చెవులు పెట్టడం మన దగ్గర ఇంకా పోలేదు. వాటివల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే 108కి చేయండి.

అపోహ: “చావు మాట మనం ఎత్తొద్దు. లేని ఆలోచన పెట్టినట్టయితది.”

అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు మళ్లీ మళ్లీ తేల్చాయి. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు, ఎవరికో ఒకరికి చెప్పగలిగామని. అందుకే సూటిగానే అడగండి: “బిడ్డా, బతకాలని లేదనిపిస్తుందా?” అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు, అమ్మ ఏమైపోతుందో ఆలోచించావా అనొద్దు. పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలొద్దు. ‘చస్తానన్నవాడు చావడు’ అన్న నమ్మకం ఒకటుంది, అది తప్పు. ఆ మాటను ప్రతిసారీ నిజమనుకునే వ్యవహరించాలి.

మన వైపు పత్తి, మిర్చి పండే ఇండ్లకు ఇంకో మాట. పురుగుల మందు డబ్బాలు ఇంటి వసారాలో, మంచం కింద పెట్టొద్దు. పెట్టెలో వేసి తాళం వేయండి, తాళం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. ఈ వయసులో చాలా ప్రయత్నాలు క్షణికావేశంలో జరిగేవి. ఆ గడియ గడిస్తే మనసు మారుతుంది. ఆ గడియలో చేతికి ఏం అందుతుందన్నదాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. శ్రీలంకలో 1990ల నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చాక ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. ఎవరైనా తాగారని తెలిస్తే ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు తాగించి కక్కించొద్దు. 108కి చేసి, డబ్బాను వెంట తీసుకుని ఆసుపత్రికి పోండి.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టే కుటుంబాలూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన, పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతితో పాటే పోయింది.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు పనికి పోకుండా ఉండండి. ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుందని ఫలితాలకు ముందే మామూలు కబుర్లలో చెప్పి ఉంచండి. ఫలితం చూశాక చెబితే చెవికెక్కదు.

అపోహ: “ఆ ఫోన్ గుంజుకుంటే అన్నీ సెట్ అయితయ్.”

అర్ధరాత్రి దాకా ఫోన్ చూడటం చెడ్డదే. కానీ నిద్ర పట్టక ఫోన్ పట్టుకున్న పిల్లలూ ఉంటారు, అప్పుడు ఫోన్ లాక్కుంటే మిగిలేది ఒంటరితనమే. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ చిన్నప్పటికంటే ఆలస్యంగా విడుదలవుతుంది, అందుకే తొమ్మిదింటికి పడుకోమంటే నిద్ర రాదు. వాళ్లకు కావాల్సింది 8 నుంచి 10 గంటల నిద్ర. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్ పెట్టి, తెల్లవారుజామున అయిదింటికి లేపే హాస్టళ్లు ఈ లెక్కను ఎక్కడ సర్దుతాయో నాకు అంతుపట్టదు. ఫోన్ రాత్రిపూట హాల్లో ఛార్జింగ్‌కు పెట్టాలన్న నియమం ఇంటిల్లిపాదికీ పెట్టండి, నాన్నతో సహా.

అపోహ (ఇది పిల్లలది): “రీల్‌లో చూసిన, నాకు డిప్రెషన్, యాంగ్జైటీ, ఏడీహెచ్‌డీ మూడూ ఉన్నయ్.”

ఉండొచ్చు, లేకపోవచ్చు. (ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి సమస్య.) పరీక్ష ముందు గుబులు, బ్రేకప్ తర్వాత బాధ, కొత్త హాస్టల్లో ఇంటి మీద బెంగ, ఇవన్నీ రావాల్సినవే. రాకపోతేనే ఆలోచించాలి. నవ్వి పంపించేస్తే మాత్రం రెండోసారి ఎవరికీ చెప్పుకోరు. కాబట్టి పేరును పక్కనపెట్టి, “రోజు ఎట్లా గడుస్తుందో చెప్పు” అని అడుగుతాను.

అపోహ: “ఆ గోళీలు మొదలువెడితే జిందగీ అంతా మింగాలె.”

తక్కువ స్థాయి సమస్యలకు మందులే అక్కర్లేకపోవచ్చు, మాటల ద్వారా చేసే థెరపీతోనే తగ్గుతాయి. తీవ్రమైన వాటికి కావాలి. మందులు రాసేది మానసిక వైద్యులు, నాలాంటి సైకాలజిస్టులు రాయకూడదు. డిప్రెషన్‌కు ఎక్కువగా ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులకు మత్తుమందుల్లాగా మనిషి బానిస కాడు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసి “ఏం ఫరక్ పడలే” అని ఆపేయడం మామూలైపోయింది. బాగైనంక కూడా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలే గానీ ఒక్కసారిగా మానొద్దు. మొదటి కొన్ని వారాల్లో కొందరు పిల్లల్లో అశాంతి, చావు ఆలోచనలు పెరగొచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండి, వెంటనే డాక్టరుకు చెప్పాలి. అలవాటు పడే ప్రమాదం నిజంగా ఉన్నది కొన్ని నిద్రమాత్రలకు. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనేవి తరచుగా అవే. ఈ అపోహ పుట్టింది అక్కడే అనుకుంటాను.

అపోహ: “అందరికీ తెలుస్తది, రేపు సంబంధాలు రావు.”

గోప్యత పేషెంటు హక్కు, అదే 2017 చట్టంలో ఉంది. 18 లోపు పిల్లల చికిత్సకు అమ్మానాన్నల సమ్మతి కావాలి. అయినా వాళ్లు చెప్పిన ప్రతిదీ మీకు చెప్పను. ప్రాణానికి ముప్పు, లైంగిక హింస ఉంటే తప్పక చెప్పాల్సి వస్తుంది. ఈ హద్దులు మొదటి రోజే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్తాను.

ఎక్కడికి పోవాలంటే, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. పిల్లలు తామే ఆపదలో ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ప్రైవేటులో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పోతే ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, అడిగితే ఎవరూ నొచ్చుకోకూడదు. వచ్చేటప్పుడు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తెచ్చుకోండి. పిల్లల్ని కంటి డాక్టరు దగ్గరికి అని చెప్పి తీసుకురాకండి. లోపలికొచ్చి బోర్డు చదివాక ఆ గంటంతా వాళ్లు నాతో ఒక్క మాట మాట్లాడరు.