వేళ్లకి ఎవరు చెప్పారు?

పొందూరు

బుజ్జీ, చంటీ,

ఉత్తరం అందింది. కంప్యూటర్ క్లాసులో ఒక అక్షరం బదులు ఇంకోటి కొట్టేశావట. స్క్రీన్ వైపు చూడకముందే వేలు బ్యాక్‌స్పేస్ మీదకి పోయిందట. "దానికి ఎవరు చెప్పారు తాతయ్యా?" అని అడిగావు బుజ్జీ. జవాబు మా మామ్మ రాట్నం దగ్గరుంది.

కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో దూది ఏకు లాగేది మామ్మ. వంద కౌంటు నూలు, గాలికి ఎగిరిపోయేంత సన్నం. వడికే ముందు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి, దాని పళ్లు అంత సన్నగా ఉంటాయి. ఒకసారి ఆ దవడతో నా జుట్టు దువ్వుకున్నాను. వీపు విమానం మోత మోగింది. ఎక్కడున్నాం? ఆ, పోగు. చూపు మందగించాక కూడా, పోగులో ఉండ వస్తుంటే ఆవిడ చెయ్యి టక్కున ఆగేది. నా కుర్ర కళ్లకి అక్కడ ఏమీ కనబడేది కాదు. పోగు ఎంత సన్నంగా రావాలో వేళ్లకి ముందే లెక్క ఉంది. లెక్క తప్పితే ఆగడమే.

మెదడూ చేతికి కబురు పంపుతూ ఒక నకలు తన దగ్గర ఉంచుకుంటుంది. జరిగింది నకలుతో కలవకపోతే, ఉండ తగిలినట్టే. తలకి తీగలు అంటించి చూస్తే, తప్పు మీట నొక్కాక సెకనులో పదో వంతుకల్లా నుదుటి వెనక లోపలి భాగంలో ఒక చిన్న విద్యుత్ కుదుపు కనిపిస్తుంది. 1990 ప్రాంతంలో జర్మనీలో, అమెరికాలో ఎవరికి వారుగా దీన్ని పట్టుకున్నారు. తప్పు తర్వాత మీట కాస్త నెమ్మదిగా పడుతుంది. ఉండ తీశాక మామ్మ కూడా రెండు చుట్లు మెల్లిగానే తిప్పేది. (రాట్నంలో నకలెక్కడుందని అడగకు చంటీ.)

2010లో అమెరికాలో టైపిస్టులతో ఒక తమాషా చేశారు. వాళ్లు కొట్టిన తప్పుల్ని కంప్యూటర్ గుట్టుగా దిద్దేసింది, సరిగ్గా కొట్టినచోట తప్పులు పెట్టింది. మనుషులు స్క్రీన్‌నే నమ్మి, చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నారు. వేళ్లు మాత్రం నిజంగా తప్పినచోటే నెమ్మదించాయి! నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పరీక్షలో లోపల చురుక్కుమంటే టెన్షన్ పడకండి. కలం ఆపి, రాసింది ఒకసారి చూసుకోండి.

సంక్రాంతికి రండి. పక్కింటి అప్ప వడుకుతుంటే ముఖం చూడొద్దు, ఎడమచేతి వేళ్లే చూడండి. అవి ఆగిన క్షణం నాకంటే ముందు పట్టుకున్నవాళ్లకి పెద్ద అరిసె.

మీ తాతయ్య